పెట్టెలు జరిపిన రోజు

ఉంగరం రాలేదు. నర్సు సబ్బునురగ రాసి చూసింది, దారం చుట్టి లాగి చూసింది. చివరికి చిన్న పట్టకారులాంటిది తెచ్చి, వాచిన వేలికీ ఉంగరానికీ మధ్య మెల్లగా దూర్చి కత్తిరించింది. మంచం మీద మనిషి కదల్లేదు. కళ్ళు తనే మూసుకుందో, వాపుకు అవే మూసుకుపోయాయో తెలియడం లేదు. పెదవులు ఎవరివో తెచ్చి అతికించినట్టున్నాయి.

వంకరపోయిన ఉంగరాన్ని నర్సు తేనెపిన్ని అరచేతిలో పెట్టింది.

"మీరేమవుతారు ఈమెకి?"

"తోడికోడల్ని."

"ఇంకాస్త ఆలస్యమైతే గొంతు పూర్తిగా పూడుకుపోయేది. ఎన్ని కుట్టాయి?"

"ఒక్కటే," అంది తేనెపిన్ని. ఆ ఒక్కటీ తన పెట్టెలోదేనని మాత్రం చెప్పలేదు.

ఇంటి వెనక తేనెపెట్టెలు పెట్టినప్పటినుంచీ వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె తేనెపిన్నే. అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా లేదు. ఆ పొద్దున వీధి కుళాయి దగ్గర తోడికోడలు బిందె ఎత్తుకోబోయి, అంచు మీద నీళ్ళు తాగుతున్న తేనెటీగను చూడకుండా చెయ్యి వేసింది. బిందె దొర్లింది. ఆమెను ఆటోలోకి ఎక్కించేసరికి మాట ఆగిపోయింది.

మరిది పొలంనుంచి అలాగే వచ్చేశాడు, మోకాళ్ళ దాకా మట్టితో. గుమ్మంలో నిలబడి భార్య ముఖం చూశాడు. గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. దగ్గరికి వెళ్ళి తలకింద జారిన దిండు సర్దాడు. నుదుటికి అంటుకున్న వెంట్రుకల్ని ఒక్కొక్కటే పక్కకు తీశాడు. అప్పుడు వదిన వైపు తిరిగాడు.

"ఆ పెట్టెలు తీసెయ్యి వదినా."

"ముందు దీన్ని లేవనీ."

"అది లేచాక కాదు. అది ఇంటికొచ్చే లోపు. నేను అరవను, చూడు. అరిచే ఓపిక కూడా లేదు నాకు. తీసెయ్యి."

"ఎక్కడికి తీసుకెళ్ళను? కొండవైపు అడవి కాలిపోయింది. ఏటి అవతల పువ్వన్నది లేదు. ఈ ఎండలో లారీ ఎక్కిస్తే దారిలోనే మైనం కరిగి చస్తాయి."

"ఇది చచ్చిపోబోయింది," అన్నాడు మరిది నెమ్మదిగా.

తేనెపిన్ని ఉంగరాన్ని అతని చేతికిచ్చి, చన్నీళ్ళ కోసం సీసా పట్టుకుని బయటికి నడిచింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ట్యాంకు ఆయన కూర్చుని ఉన్నాడు. వీధికి నీళ్ళు వదిలేదీ కట్టేదీ ఆయనే. కుళాయి వచ్చేది పొద్దున గంటసేపు, అదీ సన్నగా. ఎదురుగా తేనెపిన్ని భర్త కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రిటైరైన ఎలక్ట్రీషియన్. ఎవరేమన్నా సరే అంటాడని వీధిలో ఆయనకు సరేగారని పేరు.

"నీళ్ళకొచ్చేవాళ్ళు తువ్వాళ్ళు కప్పుకుని వస్తున్నారమ్మా," అన్నాడు ట్యాంకు ఆయన. "నిన్న ఒకావిడ హెల్మెట్ పెట్టుకుని వచ్చింది. నవ్వొచ్చింది గానీ, ఇవాళ్టితో నవ్వు పోయింది. ఆదివారం లోపు పెట్టెలు తియ్యకపోతే నేను మీ వీధి వాల్వు తిప్పను. కుళాయి ఎండిపోతే ఈగలే పోతాయి."

"మనుషులో?"

"మనుషులు మీ దగ్గరికే వస్తారు. నా దగ్గరికి కాదు." లేచి నిలబడ్డాడు. "సార్ సరే అన్నారు."

ఆయన వెళ్ళేదాకా ఆగి భర్త వైపు చూసింది.

"సరే అన్నారా?"

"మాట వరసకు అన్నాను."

"నేను తీయనంటే దానికీ సరే అంటారుగా?"

"సరే," అని నాలుక్కరుచుకున్నాడు.

నవ్వొచ్చేదే, వేరే రోజైతే. ఆమె చీరకొంగు బిగించి పెరట్లోకి వెళ్ళింది. ఇనప స్టూళ్ళ మీద పెట్టెలు వరసగా ఉన్నాయి. కంచె అవతల మరిది పుచ్చతోట. చీమలెక్కకుండా స్టూలు కాళ్ళ కింద పాత ఇంజను నూనె పోసిన గిన్నెలు. ప్రతి పెట్టె గుమ్మం దగ్గరా ఈగలు గడ్డంలా బయటికి వేలాడుతున్నాయి. లోపల ఉక్క భరించలేక సగం బయటికొచ్చేశాయి. ఇంకొన్ని గుమ్మంలో బారుగా నిలబడి రెక్కలతో లోపలికి గాలి విసురుతున్నాయి. ఈ కాలంలో ఇలా వేలాడడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఈసారి చలి రాలేదు. చెరువు గట్టు మీద చెట్లు తొందరపడి పూసి, పూత రాల్చేసుకున్నాయి. తర్వాత చెరువే పోయింది. ఇప్పుడు ఈగలకు పువ్వు పని లేదు, నీళ్ళ పనే. తెచ్చిన నీళ్ళు గదుల్లో చుక్కలుగా అంటించి, విసిరి, పిల్లల్ని చల్లబరచుకోవాలి.

ఆమె వెడల్పు పళ్ళేల్లో గులకరాళ్ళు పరిచి నీళ్ళు పోసి పెట్టి పది రోజులు దాటింది. ఒక్కటంటే ఒక్కటి వాలలేదు. ఒకసారి ఒక నీటికి అలవాటు పడ్డాయంటే వాటిని మళ్ళించడం గగనం. కుళాయి కింద నాచు వాసన వాటికి పట్టేసింది. పళ్ళేల్లో ఇంత ఉప్పు వేసింది, పెట్టెలోంచి తీసిన పాత మైనం ముక్క నానేసింది. ఈగలు ఆమె తలమీదుగా కుళాయి వైపే పోయాయి.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళింది. తోడికోడలు లేచి కూర్చుంది. ఒక కన్ను తెరుచుకుంది.

"అద్దం ఇవ్వక్కా."

"వద్దులే. రేపు చూసుకుందువు."

"అంత ఘోరంగా ఉన్నానా?"

"నీ మొగుడు గుర్తుపట్టాడుగా. అది చాలు."

తోడికోడలు నవ్వబోయి పెదవి నొప్పికి ఆగింది. తేనెపిన్ని గ్లాసులో గొట్టం వేసి నోటికందించింది.

"పుచ్చ పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయక్కా. చివరి సాలులో ఒక్క పిందె నిలవలేదు. పొద్దున తొమ్మిదికల్లా పువ్వు ముడుచుకుంటోంది. నేనే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దుతున్నా. ఒక్కదాన్ని ఎన్నిటికి అద్దను?" గ్లాసు పక్కకు జరిపింది. "అయినా నాకు భయమేస్తోంది. ఆ చప్పుడు వింటే ఇప్పుడు నా ఒళ్ళు వణుకుతుంది. నువ్వేమీ అనుకోకు."

"అనుకోను."

"పెట్టెలు తీసేస్తావా?"

తేనెపిన్ని ఆమె చేతి మీది వాపును మెల్లగా నిమిరింది. చర్మం మీద వేలి గుంట అలాగే నిలిచిపోయింది. రాత్రంతా మరిది మీద పెంచుకున్న కోపానికి, ఇక్కడ నిలబడ్డానికి చోటు లేకపోయింది.

"తీసేస్తాను," అంది. "ఎలాగో చూస్తాను."

బస్సు దిగి సందు మలుపు తిరుగుతుండగానే వినిపించింది. రోజూ వినే చప్పుడు కాదు. ఒకే ఊపిరిగా, తెగకుండా, పైకి ఎగసే మోత. చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది.

పెరటి గేటు దగ్గర సరేగారు తువ్వాలు తలకు చుట్టుకుని గోడకు అంటుకుపోయి ఉన్నాడు. లోపల పెట్టెలు లేవు. ఖాళీ స్టూళ్ళు. వాటిమీద, వాటిచుట్టూ, స్టూళ్ళ మధ్య ఎండలో, పొగలా తిరుగుతున్న ఈగలు. ఆ నడుమ మరిది. స్టూళ్ళు కూడా తీసుకెళ్ళబోయి, ఒక చేతిలో స్టూలు కాలు పట్టుకుని సగం వంగినవాడు వంగినట్టే బిగుసుకుపోయాడు. చొక్కా ఎదురురొమ్ము మీద, ఎడమ భుజం మీద, చేతి పొడవునా ఈగలు ఒకదానిమీద ఒకటి.

"పెట్టెలేవి?"

"దూరం కాదే," అన్నాడు సరేగారు. గొంతు కీచుగా వచ్చింది. "వాడి తోట ఆ చివర, షెడ్డు పక్కన. నువ్వు ఒక్కదానివి ఎత్తలేవని... వాడు అడిగితే..."

"సరే అన్నారు."

"కంచె అవతలికేగా అనుకున్నాం."

"పట్టపగలు! పనికెళ్ళినవి ఎక్కడికొస్తాయనుకున్నారు? ఇక్కడికేగా వస్తాయి. వాటికి తెలిసిన ఇల్లు ఇదేగా." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "చీకటిపడ్డాక కదపాలి, కదిపితే దూరం తీసుకెళ్ళాలి. అటూ ఇటూ కాకుండా... గుమ్మాలకు ఏం పెట్టారు?"

"గుడ్డలు కుక్కాం. కుడతాయేమోనని."

"తీశారా?"

సరేగారు తోట వైపు చూశాడు. ఎండ నడినెత్తిన ఉంది.

తేనెపిన్ని మరిది వైపు చూసింది. అతని కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. చెవి దగ్గరినుంచి ఒక ఈగ చెంప మీదికి నడిచింది. ఇక్కడ మనిషి. అక్కడ గుమ్మాలు మూసిన పెట్టెల్లో అన్నీ ఊపిరాడక.

"విను," అంది, గేటు దగ్గరే నిలబడి. "అవి నిన్ను కుట్టడానికి రాలేదు. వాటికిక్కడ కాపలా కాయడానికి ఇల్లు లేదు. అలిసిపోయి వాలాయి, అంతే. కదలకు. చేత్తో తోలకు. నోటితో ఊదకు. నేను వెళ్ళొస్తాను."

"వదినా," అన్నాడు పెదవులు కదపకుండా. "ఇలా వదిలేసి..."

"వస్తాను."

తోట ఆ చివరికి ఎలా చేరిందో ఆమెకు తెలియదు. పుచ్చతీగల మధ్య కాళ్ళు చిక్కుకున్నాయి, రెండుసార్లు మోకాళ్ళ మీద పడింది. పెట్టెలు షెడ్డు రేకుకు ఆనించి, పూర్తి ఎండలో ఉన్నాయి. మొదటి గుడ్డ లాగింది. ఈగలు ఉమ్మడిగా తోసుకుని బయటికి పొర్లాయి. రెండోది, మూడోది. చివరి పెట్టె అడుగునుంచి తేనె కారి మట్టిలో మడుగు కట్టింది. దాని గుడ్డ లాగితే ఏదీ రాలేదు. మూత ఎత్తింది. చట్రాల మీద మైనం మెత్తబడి ఊడి, అడుగున ముద్దగా పడి ఉంది. ఆ తేనెలో ఈగలు మునిగి తడిసి నల్లగా మెరుస్తున్నాయి. రాణి ఈగ ఎక్కడుందో వెతకలేదు. మూత మళ్ళీ పెట్టేసింది, ముఖం మీద గుడ్డ కప్పినట్టు.

వెనక ఆయాసపడుతూ సరేగారు చక్రాల బండి తోసుకొచ్చాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి తడిపి, అడగకుండానే ఒక పెట్టె మీద కప్పాడు. ఇద్దరూ కలిసి ఒక్క పెట్టెను బండి మీదికి ఎత్తారు. తక్కినవాటిని షెడ్డు నీడలోకి జరిపారు.

"మిగతావి చీకటిపడ్డాక," అంది. "గుమ్మాలు తెరిచే ఉంచండి. కుడితే కుట్టించుకోండి."

"సరే," అన్నాడాయన. ఈసారి ఆ మాటకు బరువుంది.

మరిది అలాగే ఉన్నాడు. వంగిన నడుము వణుకుతోంది. ఆమె బండిని మెల్లగా అతని పక్కకు తోసి, పెట్టెను పాత చోటే స్టూలు మీదికి జార్చింది. గుమ్మం ఎప్పుడూ ఉండే వైపుకే తిప్పింది. క్షణం గడిచింది. గుమ్మంలో నాలుగైదు ఈగలు తోక పైకెత్తి రెక్కలాడించడం మొదలుపెట్టాయి.

"అదిగో, పిలుస్తున్నాయి. ఇప్పుడు స్టూలు కిందపెట్టి నిటారుగా నిలబడు. మెల్లగా. నిద్రలో నడిచేవాడిలా."

అతను నిలబడ్డాడు. పై ఈగలు గాల్లోకి లేచాయి. చొక్కా మీదివి మాత్రం కదల్లేదు. ఆ చివరి పెట్టెను ఎత్తినప్పుడు కారిన తేనె బట్టంతా పట్టి ఉంది. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి, అతని చేతి మీద సన్నగా జారవిడిచింది. ఈగలు ఆ తడి చుట్టూ తలలు దించి బారులు తీరాయి. వాటి నాలుకలు కదలడం కనిపిస్తోంది.

"చక్కిలిగింతలు పెడుతున్నాయి," అన్నాడు. ఏడుపో నవ్వో తెలియని గొంతు.

"నవ్వకు."

"నీళ్ళకింత ఆత్రమేంటి వదినా వీటికి?"

"చెరువు పోయిందిగా. చెరువు పోయాక ఎక్కడో తాగాయి మరి. పోయిన నెల దాకా ఒక్కటీ కుళాయి మొహం చూళ్ళేదు. ఎక్కడ తాగాయో నాకూ తెలియదు. మీ కంచె మీదుగా పోయేవి. పుచ్చపువ్వులకేమో అనుకునేదాన్ని."

మరిది చూపు కంచె వైపు మళ్ళింది.

"మా కంచె దగ్గర డ్రిప్పు పైపు జాయింటు కారేది," అన్నాడు. "కింద ఎప్పుడూ బురద. ఈగలు ముసిరేవి. నేను అటు వెళ్ళినా పట్టించుకునేవి కావు. బోరు తగ్గిపోతోంది, చుక్క నీళ్ళు వృథా పోకూడదని... నేనే బిగించేశా. పోయిన..."

ఆగిపోయాడు.

ఆ మాట ఇద్దరి మధ్యా నిలబడింది. అతను ముఖం పక్కకు తిప్పుకోబోయాడు. తిప్పుకోలేడు. చెంప మీద ఈగ ఉంది. ఆమె చెంబు వంచిన చెయ్యి అలాగే ఉంచింది. నీటిధార ఆగకూడదని ఒకటే ధ్యాస. పెట్టెలు జరిపినందుకు అతన్ని అనడానికి ఆమె దగ్గర చాలా మాటలు పోగయ్యాయి. ఇప్పుడు అన్నిటికన్నా పదునైన మాట అతనే తెచ్చి ఆమె చేతికిచ్చాడు. అతని కన్ను అంచున నీరు తిరిగింది. చెంప మీది ఈగ అటుగా నడిచింది.

"కళ్ళు మూసుకో," అంది. "ఉప్పగా ఉంటే ఇంకా ఇష్టం వాటికి."

అతను మూసుకున్నాడు. ఆమె చూపుడువేలు తడిపి అతని చెంపకు ఆనించింది. ఈగ తల తిప్పి ఆలోచించుకుని, ఆ వేలెక్కింది. ఆమె దాన్ని తీసుకెళ్ళి గుమ్మం పలక మీద దించింది. తర్వాత చేతి మీదివి, భుజం మీదివి. కొన్ని వాటంతటవే లేచాయి. కొన్నిటిని వేలితో మోసింది. నీడలు గోడెక్కేదాకా ఆ పని సాగింది. అతనికి కుట్టింది ఒక్కటే. అది కాలర్ కింద నలిగింది.

మసకచీకట్లో అన్నదమ్ములిద్దరూ తక్కిన పెట్టెల్ని ఒక్కొక్కటే తెచ్చి పాత స్టూళ్ళ మీద పెట్టారు. ఒక స్టూలు ఖాళీగా మిగిలింది.

మర్నాడు శనివారం. పొద్దెక్కకముందే మరిది స్పానర్ పట్టుకుని కంచె దగ్గరికెళ్ళాడు. తేనెపిన్ని ఇవతలి వైపునుంచి వచ్చి నిలబడింది. అతను జాయింటు వదులు చేసి మోటారు వేశాడు. పైపు గుక్కపట్టింది, బుసకొట్టింది. జాయింటు దగ్గర ఒక చుక్క ఊరి, పడకుండా వేలాడింది. మట్టి ఎండి పెళుసుగా ఉంది.

"ఇంతేనా?"

"బోరులో ఇంతే ఉంది వదినా. అన్ని సాళ్ళకూ పోతుంటే ఇక్కడిదాకా నెట్టడం లేదు."

ఆటో చప్పుడైంది. సరేగారు తోడికోడల్ని ఆస్పత్రినుంచి తీసుకొచ్చాడు. ఆమె ఇంట్లోకి వెళ్ళకుండా దోమతెర తలుపు వెనక వరండాలో ఆగింది. కంచె అక్కడికి పిలుపు దూరమే. ముఖం తన ముఖంలా కనపడడం మొదలైంది. మందుల సంచిని రొమ్ముకు హత్తుకుంది.

"పెట్టెలు ఉన్నాయిగా ఇంకా," అంది తెర వెనకనుంచి.

"ఉన్నాయి," అంది తేనెపిన్ని. "రేపటి దాకా టైముంది."

"ఒకటి తెలియడంలేదక్కా. ఆస్పత్రిలో పడుకుని అదే ఆలోచించాను. ఇన్నేళ్ళు కుళాయి మొహం చూడని ఈగలు ఇప్పుడెందుకొచ్చాయి?"

మరిది స్పానర్‌ను గట్టిగా పట్టుకుని నేల చూశాడు. తేనెపిన్ని అతని మెడ మీద కుట్టిన చోటు చూసింది. ఎర్రగా పొంగి ఉంది.

"ఎండలు," అంది. "చెరువెండిపోయిందిగా. ఎక్కడా చుక్క లేదు."

అది అబద్ధం కాదు. అక్కడితో ఆగినా సరిపోయేది.

"ఎండలు కాదు, నేను," అన్నాడు మరిది. నేలనే చూస్తూ మొత్తం చెప్పాడు. జాయింటు, బురద, స్పానర్. ఏమీ దాచలేదు. చెప్పడం అయ్యాక కూడా తలెత్తలేదు.

సరేగారు ఆటోకి డబ్బులివ్వడం మర్చిపోయి నిలబడ్డాడు.

"చుక్కలు పొదుపు చేశావన్నమాట," అంది తోడికోడలు చివరికి. "నన్ను ఖర్చుపెట్టి."

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు. కానీ గొంతు స్థిరంగానే ఉంది.

"ఇప్పుడు కారుతోందా?"

"సన్నగా. సరిపోదు."

"చివరి సాలు వాల్వు కట్టెయ్యి."

మరిది తలెత్తాడు. "దాంట్లో ఇంకా పూత ఉందే."

"ఉంది. అద్దేవాళ్ళెవరు, నేనా? ఈ చేత్తోనా?" వాచిన చేతిని తెరకు ఆనించి చూపించింది. "కట్టెయ్యి. నీళ్ళక్కడ పోనీ. మూడ్రోజులు చూద్దాం. ట్యాంకు ఆయనతో నేను మాట్లాడతా, ఈ మూతితోనే. చూసి జడుసుకుని ఒప్పుకుంటాడు. మూడ్రోజుల తర్వాత కుళాయి దగ్గర ఒక్కటి కనపడినా, అక్కా, నువ్వు పెట్టెలు తియ్యాలి."

"తీస్తాను," అంది తేనెపిన్ని.

మరిది సాలు వెంట నడిచాడు. ఆకులు అప్పుడే అంచుల్లో ముడుచుకుంటున్నాయి. పసుపుపచ్చ పువ్వులు మాత్రం పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి. అతను చివర కూర్చుని, వాల్వు మీద చెయ్యి వేసి కొంచెంసేపు ఆగాడు. తర్వాత తిప్పాడు.

కంచె దగ్గర పైపు బుసకొట్టడం ఆపింది. చుక్క పడింది. దాని వెనకే ఇంకోటి. మట్టి మొదట తాగేసింది, తర్వాత నల్లబడింది. తేనెపిన్ని కూర్చుని, ఆ తడిని వేళ్ళతో మెదిపి బురద చేసింది. పెట్టెలోంచి తెచ్చిన మైనం ముక్కను దాంట్లో అదిమింది. లేచి, చేతులు కడుక్కోకుండా అలాగే నిలబడింది.

పెరట్లో ఈగలు మేలుకుని ఒక్కొక్కటే గుమ్మం దాటి గాల్లోకి లేస్తున్నాయి. కొన్ని కుళాయి వైపు తిరిగాయి. వరండాలో తోడికోడలు రెండు చేతులతో దోమతెర అంచు పట్టుకుని, కదలకుండా, కంచె వైపే చూస్తోంది.